పొత్తుమాని

ఆ రోజు ఇంట్లో ఉన్నది పెంచల, ఆ పిల్ల చిన్నాయన మాలకొండయ్య, పిన్నమ్మ రత్నమ్మ, చిన్నాయన తల్లి చెంచమ్మవ్వ, పిన్నమ్మ కూతుళ్లు ఇద్దరు. ఏడో మనిషి హైమవతి. ఆమె సర్కారు శాస్త్రవేత్త. చేతిలో సోలంత యంత్రం ఉంది.

అది 2081. సముద్రం ముందుకొచ్చాక ఊళ్లను వెనక్కి జరిపి కట్టిన కాలనీ. అక్కడి తలుపులకు తాళాలు లేవు. ఇంటి మనుషుల ఒంటి వాసన పసిగట్టి వాటంతటవే తెరుచుకుని, పేరు పెట్టి పలకరిస్తాయి. పెంచల చిన్నాయన ఇంటికి వచ్చిన పద్దెనిమిదో రోజున ఆ ఇంటి తలుపు ఆమెకూ తెరుచుకుంది. ఆ రోజు ఆ పిల్ల పనేమీ లేకపోయినా పదిసార్లు లోపలికీ బయటికీ తిరిగింది.

చిన్నాయన హైడ్రోజన్ కర్మాగారంలో వెల్డరు. అప్పు వాయిదాలు తప్పడంతో ఆయన జీతాన్నీ ఖాతానూ జప్తు చెయ్యడానికి బ్యాంకు ఉత్తర్వు తెచ్చుకుంది. అయితే ఒక ఇంట్లో తినేవాళ్ల తిండికి సరిపడే భాగాన్ని ఎవరూ ముట్టుకోకూడదని చట్టం. ఆ భాగాన్ని జనం కంచె అంటారు. ఐదు తలలకు జీతంలో సగమే కంచె లోపల ఉంటుంది. ఆరో తల చేరితే మొత్తం ఉంటుంది.

అందుకని జనం చచ్చిపోయిన తాతల్నీ, పుట్టని పిల్లల్నీ తినేవాళ్ల కింద రాయించారు. ఆ మోసం పట్టుకోవడానికి హైమవతి పొత్తుమాని అనే ఈ యంత్రాన్ని తయారుచేసింది. ఒకే పొత్తున తిని, ఒకే చోట పడుకునేవాళ్ల నోళ్లలో సూక్ష్మజీవులు మెల్లగా ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. ఆ కలయికను, అంటే మైక్రోబయోమ్ ముద్రను, ఈ యంత్రం కొలుస్తుంది. ముద్ర కుదరడానికి నలభై రోజులు పడుతుంది.

సరిగ్గా నలభై రోజుల కిందటే పిన్నమ్మ ఉప్పుమడుల దగ్గరికి వచ్చింది. తల్లి పోయాక పెంచల అక్కడే, కూలీల రేకుల షెడ్డులో ఉండేది.

"మా అక్క బిడ్డవి నువ్విట్టా పడుంటే నాకు ముద్ద దిగుద్దా అమ్మే," అని వెంటబెట్టుకొచ్చింది.

అప్పట్నుంచి తన కంచంలో కలిపిన అన్నం సగం తిని, సగం పెంచల నోట్లో పెట్టేది. పెంచల కొరికిన జామకాయ లాక్కుని తనూ కొరికేది. తన ఎంగిలి ఇంకొకరు తినడం ఆ పిల్ల అంతకు ముందెప్పుడూ చూడలేదు.

హైమవతి ఒక్కొక్కరి నాలుక మీద దూదిపుల్ల రాసి యంత్రంలో పెట్టింది.

"ఈ పాప?"

"నా పెద్ద కూతురే అనుకోండి మేడం," అంది పిన్నమ్మ.

"ఎన్నాళ్లుగా ఉంటున్నావమ్మా ఇక్కడ?"

కొత్తవాళ్ల ముందు పెంచలకు నోరు పెగలదు. అయినా పిన్నమ్మ ముఖం చూసి, "చిన్నప్పట్నుంచి," అంది. ఆ పిల్ల ఆడిన మొదటి అబద్ధం అదే.

హైమవతి నవ్వింది. "నోటి మాట నాకక్కర్లేదులే. నా యంత్రం ఎంగిలినే నమ్ముతుంది. ఎంగిలి అబద్ధమాడదు."

"మా కాలంలో ఎంగిలి కూడంటే తిట్టు," అంది మంచం మీది చెంచమ్మవ్వ. "ఇప్పుడు దానికీ సర్కారోళ్ల ముద్ర కావాల్సొచ్చిందా."

యంత్రం సన్నగా కూసింది. "పొత్తు కుదిరింది. ఈ ఇంటి మనుషులు ఆరుగురు. కంచె పడింది."

చిన్నాయన గోడకు చేరగిలబడి కళ్లు మూసుకున్నాడు. "మళ్లీ ఎప్పుడొస్తారు మేడం?"

"రెండేళ్లకు." హైమవతి పెంచల బుగ్గ తట్టి వెళ్లిపోయింది.

మేడం తాగిన గ్లాసు కడుగుదామని పెంచల పెరట్లోకి వెళ్లబోయి తలుపు దగ్గరే ఆగింది. కుళాయి దగ్గర పిన్నమ్మ నాలుకబద్దతో నాలుక గీసుకుంటోంది. రక్తం కనిపించినా ఆపలేదు. ఉమ్మి, మళ్లీ గీసుకుంది.

"నలభై దినాలు," అంది పక్కనున్న చిన్నాయనతో. "దాని ఎంగిలి నోట్లో పెట్టుకున్నప్పుడల్లా పేగులు గొంతులోకొచ్చినాయి."

"అయిపోయింది గదా. మెల్లగా, అది ఇనుద్ది."

"ఇంటే ఇన్నీ."

పెంచల గ్లాసు తలుపు పక్కనే పెట్టేసింది.  తన నాలుక తన నోట్లోనే ఎవరిదోలా అనిపించింది.

కాసేపటికి పెంచల బట్టల సంచి గడప దగ్గరికి వచ్చింది.

"రెండేళ్లకు, మేడం వచ్చేదానికి నలభై దినాల ముందు నేనే వస్తా," అంది పిన్నమ్మ. "అందాకా షెడ్డులోనే ఉండు."

"నేనంటే అంత రోతైతే ఎట్టా మింగినావు పిన్నమ్మా?"

 పిన్నమ్మ లోపల ఆడుకుంటున్న కూతుళ్ల వైపు చూసింది. "నా బిడ్డల కూటి కోసం మింగినా," అంది.

పెంచల సంచి తీసుకుని గడప దాటింది. వెనక తలుపు మూసుకుంది. ఆ పిల్ల ఇంకా మెట్టు దిగలేదు. తలుపు ఆమె వాసన పసిగట్టి మెత్తగా తెరుచుకుంది.

"రండి పెంచలా, ఇల్లు మీదే," అంది తలుపు.

పిన్నమ్మ రెండు చేతులతో దాన్ని నెట్టి మూసి, లోపల్నుంచి ఇనుప గడియ వేసింది.