వాల్తేరు పార్టీ

హైమవతి ముందు బెంగాలీలో తిట్టింది. అది చాలలేదనిపించి హిందీలో తిట్టింది. ఒళ్ళో పెట్టుకున్న డబ్బా మూత ఊడి నువ్వుల నూనె ధారగా కారిపోవడం చూశాక తెలుగులోకి దిగింది.

“కళ్ళు ఇంట్లో పెట్టి వచ్చినావేటి? ఆగి ఉన్న రిక్షాని గుద్దడానికి నీకు పూరీ గేటే దొరికిందా?”

ఖరగ్‌పూర్‌లో వాన జోరుగా ఉంది. మామూలు దారిలో నీళ్ళు నిలిచాయని రిక్షావాడు చుట్టూ తిప్పి ఇటు తీసుకొచ్చాడు. తీరా వస్తే రైల్వే గేటు పడి ఉంది. గూడ్సు బండి ఒకటి ఎవరికీ తొందర లేదన్నట్టు పోతోంది. రిక్షా పక్కన ఇరుక్కున్న సైకిలు మనిషి ముఖానికి అడ్డంగా ఉన్న గొడుగు పక్కకి తీశాడు. అతని ప్యాంటు మోకాలి నుంచి మడమ దాకా నూనెలో తడిసింది.

“నువ్వుల నూనె, తెలుగు తిట్లు. వాల్తేరు నుంచి మెయిలు వచ్చీసినట్టుందే,” అన్నాడు తాతారావు.

హైమవతి తెరిచిన నోరు మూసింది. రెండేళ్ళ తర్వాత ఆ ముఖం. మీసం కొత్తగా వచ్చింది. మిగతాదంతా పాతదే, ఎదుటివాళ్ళకి ఒళ్ళు మండించే ఆ నవ్వుతో సహా.

“నువ్వా!”

“నేనే. తిట్టడం ఆపీసినావేం? బాగుంది కదా.”

“దేవమణి ఈ నూనె కోసం ఉత్తరం మీద ఉత్తరం రాసింది. రేపు పులిహోర ఏటితో కలుపుతాది? ఆవనూనెతోనా?”

“బెంగాలీవాళ్ళు లొట్టలేసుకుని తింటారు.”

“తెలుగువాళ్ళ పరువు పోతాది.”

మర్నాడు ఆదివారం. అరవై రెండులో బి.ఏ. పాసైన క్లాసు మళ్ళీ కాలేజీలో కలుసుకునే రోజు. దుర్గా పూజలకి ముందు ఈ ముచ్చట జరగాలని ఆ క్లాసు లీడరు జయంత్ ముఖర్జీ ఊరూరికీ కార్డులు రాశాడు. క్లాసులో తెలుగువాళ్ళు నలుగురే. సుందర్ రాజు, దేవమణి పెళ్ళి చేసుకుని ఇద్దరూ ఒకటైపోయారు. మిగిలిన ఇద్దరూ వీళ్ళు. ట్రాఫిక్ కాలనీలో ఒకే వీధిలో పుట్టి, ఒకే వీధిలో పోట్లాడుకుని, ఒకే పరీక్ష రాసి రైల్వేలో గుమాస్తాలయ్యారు. అతనికి ఖరగ్‌పూర్‌లోనే పోస్టింగు వచ్చింది. ఆమెకి వాల్తేరు వచ్చింది. అక్కడ పిన్ని ఇంట్లో ఉంటూ ఆఫీసుకి వెళ్ళేది.

మొదట్లో ప్రతి పూజలకీ హైమవతి వచ్చేది. తిరిగి వెళ్ళేటప్పుడు తాతారావు స్టేషన్‌కి వచ్చి ట్రంకు పెట్టె ఎక్కించి కిటికీ దగ్గర నిలబడేవాడు. బండి కదిలే ముందు గొంతు సవరించుకుని, “కూజాలో నీళ్ళున్నాయా, చూసుకో,” అనేవాడు. “నిండా ఉన్నాయి,” అనేది ఆమె. అంతే, బండి కదిలిపోయేది. బండి కదిలేటప్పుడు అసలు మాట ఎవరి నోటికీ రాదు. నీళ్ళ సంగతో, తాళాల సంగతో వస్తుంది. తర్వాత పిన్నికి జబ్బు చేసి రెండేళ్ళు రాలేకపోయింది.

“ఈ వానలో ఎక్కడ తిరిగొస్తున్నావు?” అంది.

“హిజ్లీ నుంచి. మన అనిమేష్ అక్కడ ల్యాబ్‌లో ఉన్నాడు కదా, రేపు రమ్మని చెప్పొచ్చినాను. నీ సంగతులేటి?”

“ఏమీ లేవు. నీవి?”

“నావీ ఏమీ లేవు.”

ఇద్దరూ అబద్ధమే చెప్పారు. గేటు లేచింది.

*

సాయంత్రం దేవమణి వంటింట్లో చింతపండు నానుతోంది. హైమవతి కరివేపాకు దూస్తూ కూర్చుంది. దేవమణి చేతికన్నా నోరు వేగంగా నడుస్తోంది.

“శిప్రా టాటానగర్ కోడలు అయింది, రేపు వస్తాది. జయంత్‌కి అప్పుడే బట్టతల. అనిమేష్ కవితలు మానీసినాడు, దేవుడు చల్లగా చూసినాడు.”

“అందరూ బాగున్నారన్నమాట.”

“అందరూ అంటే ఎవరే?” దేవమణి ఓరకంట చూసింది. “తాత సంగతి అడగవేం? పుట్టగానే తాతైపోయినవాడు పెళ్ళికొడుకెప్పుడవుతాడో అనుకున్నాం. ఆ ముచ్చటా దగ్గరికొచ్చింది. వాళ్ళమ్మ తెచ్చిన సంబంధాలన్నీ కాదన్నాడట. చేసుకుంటే వాల్తేరు పిల్లనే చేసుకుంటాను అన్నాడట. నువ్వక్కడే ఉన్నావు కదా, ఎవరే ఆ పిల్ల?”

హైమవతి చెయ్యి ఆగింది. ఆ వాల్తేరు పిల్ల తను కావచ్చునన్న ఆలోచన ఆమెకి రాలేదు. తను ట్రాఫిక్ కాలనీ పిల్ల. వాల్తేరు తనకి జీతం ఇచ్చే ఊరు మాత్రమే.

“వాల్తేరులో పిల్లలకి కరువా? ఎవర్తో ఉంటాది,” అంది. ఆకులు వదిలేసి ఈనెలు గిన్నెలో వేస్తోందని చూసి దేవమణి గిన్నె తన వైపు లాక్కుంది.

హైమవతి చెప్పని సంగతి ఒకటి ఉంది. ఆమె ఖరగ్‌పూర్‌కి వచ్చేస్తోంది.

రైల్వేలో సొంత కోరిక మీద బదిలీ అడిగితే ఇస్తారు గానీ, కొత్త చోట సీనియారిటీలో అందరికన్నా అడుగున పడేస్తారు. నిన్న చేరిన కుర్రాడి తర్వాత నీ పేరు. అదే, ఆ ఊరి నుంచి ఈ ఊరికి రావాలనుకునే మనిషి అదే గ్రేడులో దొరికితే ఇద్దరూ కుర్చీలు మార్చుకోవచ్చు. దాన్ని మ్యూచువల్ అంటారు. పెళ్ళిళ్ళ పేరయ్యలు సంబంధాలు వెతికినట్టు ఇలాంటి జంటలని వెతికి కలపడంలో సుందర్ రాజు గట్టివాడు. ఎవరైనా మధ్యలో అడ్డుపుల్ల వేస్తారేమోనని, రెండు సంతకాలూ పడేదాకా ఒకరి పేరు ఒకరికి చెప్పడు.

ఈసారి వాల్తేరు వైపు పేరు అతనికీ తెలియదు. వాల్తేరు యూనియన్‌లో ఉండే జ్ఞానరత్నం గారు, “మా పార్టీ శనివారం మీ ఇంటికే వచ్చి సంతకం పెడుతుంది,” అని కబురు పంపి ఊరుకున్నారు. పేరు చెప్పొద్దని హైమవతే ఆయన్ని బతిమాలింది. సుందర్ రాజుకి తెలిస్తే దేవమణికి తెలుస్తుంది. దేవమణికి తెలిస్తే ట్రాఫిక్ కాలనీ అంతటికీ తెలుస్తుంది. తాతారావుకి తనే చెప్పాలని ఆమె కోరిక. అతని ముఖం ఎలా మారుతుందో చూడాలని దారంతా ఊహించుకుంటూ వచ్చింది.

ఇప్పుడు చెప్పడానికి ఏముంది?

*

ముందు గదిలోకి టీ తెచ్చేసరికి తాతారావు ప్యాంటు మార్చుకుని వచ్చి కూర్చున్నాడు. సుందర్ రాజు గుమ్మం వైపు, గడియారం వైపు మార్చి మార్చి చూస్తున్నాడు.

“మా వాల్తేరు పార్టీ ఇంకా రాదేం?”

“ఏ పార్టీ?” అంది దేవమణి.

“మ్యూచువల్. ఆడో మగో కూడా తెలీదు. మన పార్టీ మాత్రం పెళ్ళికొడుకులా తయారై కూర్చున్నాడు. ఇదిగో, వీడే.”

హైమవతి అతనికి అందించబోయిన కప్పు వెనక్కి లాక్కుంది.

“నువ్వు వాల్తేరు వెళ్తున్నావా?”

తాతారావు తల గోక్కున్నాడు. “ఈ మాట నేనే చెప్దామనుకున్నాను. వీడు చెప్పీసినాడు.”

“ఎందుకు వెళ్ళడం?”

“సముద్రం ఉంది కదా.”

“నీకు ఈత రాదు.”

“ఒడ్డున కూర్చోడానికి ఈతెందుకు?”

ఒడ్డున ఒక్కడే కూర్చుంటాడా? పక్కన ఆ పిల్ల. హైమవతికి ఆ ఒడ్డు, ఆ ఇసక, ఆ పిల్ల జడలో పువ్వులు కూడా కనిపించాయి.

“సుందర్ రాజూ, పెన్ను ఇవ్వు.”

“నీకెందుకు?”

“వాల్తేరు పార్టీని నేనే.”

ముందుగా తేరుకున్నది సుందర్ రాజే. తొడ మీద చరుచుకున్నాడు.

“ఒకే గ్రేడు! ఒకే ఏడు పర్మనెంటు! ఒకే క్లాసు! ఇలాంటి జోడీ నా సర్వీసులో చూళ్ళేదు. పెట్టు హైమా, ఇక్కడ.”

హైమవతి సంతకం పెట్టి పెన్ను తాతారావు ముందుకి తోసింది. అతను దాన్ని ముట్టుకోలేదు.

“నువ్విక్కడికి వచ్చీస్తావా?”

“వచ్చీస్తాను. అమ్మా నాన్నా ఇక్కడున్నారు.”

“నేనక్కడికి వస్తుంటే నువ్విక్కడికి వచ్చీడమేటి!” తాతారావు అరిచాడు. ఆ గొంతు అతనిదేనా అని అతనే ఆశ్చర్యపోయాడు.

“నేనుంటే నీకేటి, లేకపోతే నీకేటి? నీ వాల్తేరు పిల్ల నీకుంటాది.”

“నా వాల్తేరు పిల్ల సంతకం పెట్టీసింది కదా!”

దేవమణి నోట్లో టీ నోట్లోనే ఉండిపోయింది. తర్వాత నవ్వూ దగ్గూ కలిసి వచ్చాయి. గోడ పట్టుకుని కూలబడింది.

హైమవతి ముఖం ముందు తెల్లబడింది. తర్వాత చెవుల దాకా ఎర్రబడింది.

“నేను ట్రాఫిక్ పిల్లని,” అంది చిన్నగా.

“వాల్తేరులో ఉన్నావు కదా. అమ్మకి పేరు చెప్తే ఆ పూటే మీ ఇంటికి పరిగెత్తుతాది. నిన్ను అడక్కుండా ఎలా చెప్తాను?”

“నన్ను అడగడానికేటి? స్టేషన్‌కి వచ్చినప్పుడల్లా కూజానే అడిగినావు.”

“నువ్వు మాత్రం ఏటి చెప్పినావు? ‘నిండా ఉన్నాయి’ అన్నావు. లేవని ఒక్కసారి అంటే, నీళ్ళు తెచ్చే వంకతో బండెక్కి కనీసం తర్వాతి స్టేషన్ దాకా వచ్చీవాణ్ణి!”

ఇంత పనికిమాలిన ప్లాను ఆమె ఎప్పుడూ వినలేదు. అయినా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“సరే, నా సంగతి చెప్పినాను. నువ్వెందుకు రావాలనుకున్నావు?”

“చెప్పినాను కదా. అమ్మా నాన్నా...”

“అబద్ధం.”

“అబద్ధమే,” అంది హైమవతి.

సుందర్ రాజు గొంతు సవరించుకున్నాడు. అతని ముఖంలో కుదిరిన సంబంధం తప్పిపోతున్న పేరయ్య బాధ ఉంది.

“తాతా, సంతకం పెడితే నువ్వక్కడ, తనిక్కడ. పెట్టకపోతే నువ్విక్కడ, తనక్కడ. ఆలోచించుకోండి.”

నవ్వు ఆగిపోయింది. నిజమే. రేపు సాయంత్రం ఆమె మళ్ళీ బండెక్కాలి.

“ఒకరే కదలాలి,” అన్నాడు సుందర్ రాజు. “కదిలినవాళ్ళు సీనియారిటీలో అడుగున పడతారు. ప్రమోషన్ సంగతి ఇప్పట్లో మర్చిపోవాలి.”

“నేను పడతాను,” అన్నాడు తాతారావు.

“నువ్వెందుకు? నేను పడతాను.”

“మొండికెయ్యకు. నేనే పడతాను.”

“చిన్నప్పటి నుంచీ అన్నిటికీ నువ్వే ముందా? నేను పడతానన్నానా!”

“ఎవరర్రా పడీది?” గుమ్మంలోంచి గొంతు వినిపించింది. “మెట్లు నాసు పట్టీసినాయి. సూసుకుని దిగండి.”

తాతారావు తల్లి సింహాచలమ్మ. చంకలో పులిహోర కలపడానికి పెద్ద ఇత్తడి గుండిగ, నెత్తి మీద కొంగు.

“అత్తా,” అంది దేవమణి కళ్ళు తుడుచుకుంటూ, “మీవాడి వాల్తేరు పిల్ల దొరికింది.”

“ఏదీ?” సింహాచలమ్మ గదంతా చూసింది.

“అదిగో.”

“అది తవిటయ్య కూతురు కాదేటి?”

“అదే.”

సింహాచలమ్మ గుండిగని దింపింది. కొడుకు వైపు తిరిగింది.

“ఒరే, వాల్తేరు పిల్లంటే వాల్తేరంతా జల్లెడ పట్టించినావు కదరా! మా సెల్లెలికి కబురు మీద కబురెట్టినాను. ఆ పిల్ల తల్లి రోజూ కుళాయి కాడ నా ఎనకే నిలబడతాది! సెయ్యి సాపితే అందీదానికి నన్ను సముద్రం దాకా తిప్పుతావా?”

“అమ్మా, అది కాదు...”

“ఏది కాదు? ఇందాక పడతాం పడతాం అన్నారు, ఎక్కడ పడతారు?”

సుందర్ రాజు సీనియారిటీ సంగతి వివరించబోయాడు. సింహాచలమ్మ సగమే వింది.

“ఎవరు పడితే ఏటి? ఎవరు పడినా నా ఇంట్లో పడండి. నాకదే సాలు,” అంది. గొడుగు కూడా తీసుకోకుండా ఆ వానలోనే తవిటయ్య ఇంటి వైపు నడిచింది.

టీ చల్లారకముందే తిరిగొచ్చింది. కొంగు పిండుకుంటూ చెప్పింది: “తవిటయ్య తిట్టినాడు. అడగడానికి ఇన్నాళ్ళేటి అని.”

ఎవరు కదలాలన్నది మాత్రం తేలలేదు. డబ్బాలో మిగిలిన నూనెతోనే పులిహోర కలుపుతూ పోట్లాడుకున్నారు. మర్నాడు గుండిగ రిక్షాలో ఎక్కిస్తూ పోట్లాడుకున్నారు. కాలేజీ గేటు దాకా అదే పోట్లాట.

“జయంత్ ఒక్కొక్కళ్ళనీ లేపి సంగతులు చెప్పమంటాడు కదా,” అన్నాడు తాతారావు. “అక్కడ చెప్పీస్తాను, వాల్తేరు వెళ్తున్నానని. అందరి ముందూ అన్నాక నువ్వు ఆపలేవు.”

హైమవతి అతనికన్నా ముందే గేటు దాటింది.

*

హాలు నిండిపోయింది. ఒకరి పేరు మరొకరు తప్పుగా పిలుచుకుని కావలించుకుంటున్నారు. జయంత్ ముఖర్జీ బట్టతల మెరిపించుకుంటూ బల్ల దగ్గర నిలబడి ఒక్కొక్కరినీ పిలుస్తున్నాడు. ఒకరికి కవలలు. ఒకరికి కలకత్తాలో బ్యాంకు ఉద్యోగం. అనిమేష్ మళ్ళీ కవితలు మొదలుపెట్టానన్నాడు. హాలు మూలిగింది.

తాతారావు వెనక బల్ల దగ్గర పులిహోర వడ్డిస్తున్నాడు. తన పేరు వస్తుందని చెవి ఇటే పెట్టి ఉన్నాడు.

“తెలుగు పార్టీ! ఎవరు ముందు?” అన్నాడు జయంత్.

అతను గరిటె కింద పెట్టేలోపే హైమవతి లేచింది.

“ఇన్నాళ్ళూ వాల్తేరులో ఉన్నాను,” అంది స్పష్టమైన బెంగాలీలో. “ఖరగ్‌పూర్‌కి వచ్చేస్తున్నాను. సొంత కోరిక మీద. రేపే అర్జీ పెడతాను.”

హాల్లో సగం మంది రైల్వేవాళ్ళు. వాళ్ళందరి నోటా ఒకేసారి, అయ్యో అన్నట్టు, “ఇస్!” అని వచ్చింది.

“మరి సీనియారిటీ?” ఎవరో అరిచారు.

“పోతుంది.”

“ఇంత నష్టం ఎందుకు, దీదీ?” అన్నాడు జయంత్.

దీనికి జవాబు ఆమె దగ్గర సిద్ధంగా ఉంది. మంచి బెంగాలీ వాక్యం, రిక్షాలో కూర్చున్నప్పుడే కూర్చుకుంది. కానీ తల తిప్పేసరికి తాతారావు కనిపించాడు. నోరు తెరుచుకుని, చెయ్యి ఇంకా గరిటె కోసం గాలిలో వెతుక్కుంటూ. ఆ వాక్యం ఎటు పోయిందో పోయింది.

“ఆయన్ని అడగండి,” అంది తెలుగులో.

అంత పెద్ద హాల్లో ఆ మాట అర్థమైనవాళ్ళు ముగ్గురే. నిన్నటిదాకా నువ్వు, నిన్నటిదాకా నోటికొచ్చిన తిట్టు. ఇప్పుడు ఆయన. దేవమణి భర్త చెయ్యి గట్టిగా గిల్లింది. చేజారిన మ్యూచువల్ బాధ సుందర్ రాజు అప్పటికి మర్చిపోయాడు.

“కీ బోల్లో? కీ బోల్లో?” ఏమంది, ఏమంది అని హాలంతా లేచింది. అందరి తలలూ ఆమె చూస్తున్న వైపు తిరిగాయి.

తాతారావు చేతులు తుడుచుకున్నాడు. నాలుగడుగులు వేసి ఆమె పక్కకి వచ్చి నిలబడ్డాడు.

“ఈవిడ...” అని మొదలుపెట్టాడు.

మిగతాది ఎవరూ చెప్పనివ్వలేదు. టాటానగర్ కోడలు శిప్రా కుర్చీ ఎక్కి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, నాలుక ఆడిస్తూ బెంగాలీ పెళ్ళిళ్ళలో చేసే ‘ఉలు’ ధ్వని ఎత్తుకుంది. ఆ వెంటనే హాల్లోని ఆడవాళ్ళందరూ అందుకున్నారు.