గుండు పడిన చోటు

యేసురత్నం సార్ ఇచ్చిన హ్యామర్, తీగ చివర ఇనుప గుండు, ఆదివారం ఉదయం పత్తి చేనిలో పోయింది.

వనజ మూడు దేశాల్లో భారత్ జెర్సీ వేసుకుని హ్యామర్ విసిరి వచ్చింది. సెలవుకు ఇంటికొస్తే మాత్రం సాధన ఆదోని శివారు బీడులోనే. ఎమ్మిగనూరు బడిలో డ్రిల్లు మాస్టరైన జయరాం మొదటి బస్సుకు వచ్చి, గుండు పడిన చోట పత్తికట్టె గుచ్చి, టేపుతో కొలుస్తాడు. కొలిచేవాడి కన్ను గుండు మీదే ఉండాలి, విసిరే మనిషి మీద కాదు. ఇద్దరికీ ఆట నేర్పిన సార్ చెప్పిన మాట అది. ఆయన పోయి పదకొండు నెలలైంది.

ఆ ఉదయం తుంపర పడుతోంది. వనజ నాలుగు చుట్లు తిరిగి వదిలింది. బీడులో దభీమన్న చప్పుడు రాలేదు. అరవై ఎనిమిది మీటర్లకు బీడు అయిపోతుంది. దాని అవతల నడుమెత్తు పత్తి. అంత దూరం ఆమె ఎన్నడూ విసరలేదు.

తలెత్తి జయరాం వైపు చూసి నిలువునా ఆగిపోయింది. అతని కళ్లు ఆకాశం మీద లేవు. తన మీద ఉన్నాయి.

"యాడ పడింది?"

"సూడలేదు."

"తమాషా సేయొద్దప్పా. అది సార్ గుండు."

"నిజంగా సూడలేదు వనజా. రేపు క్యాంపుకు పోతాండావు గదా. ఈ ఒక్కసారీ నీ పక్క సూస్తి."

వనజ ముందు, జయరాం వెనక పత్తి చేన్లోకి దిగి వెతకడం మొదలుపెట్టారు.

చేను గలామె ఉరుకుందమ్మ కొడవలితో వచ్చింది. "నా సేన్లో ఏం ఎతుకుతాండారు?"

"సార్ గుండు అవ్వా. పోగొట్టుకున్యాం," అంది వనజ.

"ఇద్దరూ కలిసే పోగొట్టినారా? నిదానంగా ఎతకండి. సెట్లు ఇరిగితే మటుకు ఊరుకోను."

పక్కపక్క సాళ్లలో వంగి మధ్యాహ్నం దాకా వెతికారు.

"సార్ ఉంటే నా సెవి మెలేసేటోడు," అన్నాడు జయరాం.

"నాదీ మెలేసేటోడు."

"నువ్వేం జేసినావు?"

వనజ ఆకులు తప్పిస్తూనే ఉంది. "గుండును నేనెప్పుడూ సూడలేదు. ఎంత దూరం పోయిందో నీ మొగం సూసే తెలుసుకుంటా. బయటి దేశాల్లో ఆ మొగం ఉండదు."

జయరాం సాలు మధ్య తడి మట్టిలో కూలబడ్డాడు.

గుండు దొరకలేదు. సోమవారం వనజ శిక్షణ క్యాంపుకు పోయింది. పత్తి ఏరడం అయిపోయి, పత్తికట్టె కొట్టేశాక, ఇద్దరూ కలిసి మళ్లీ వెతకాలి.

ఆ విసురును ఇంకా కొలవలేదు.