పక్కన మనిషి

తలకి దెబ్బ తగిలి, ఇంట్లోవాళ్ళ వల్ల కాక వదిలిన వాళ్ళని చూసుకునే హోమ్‌లో నేను ఆయాగా చేసేదాన్ని. పొడుగాటి నడవా, దానికి అటు మూడు గదులు, ఇటు మూడు గదులు. మామూలు రోజుల్లో పనికి ముగ్గురం ఉండేవాళ్ళం. ఆదివారం మాత్రం నేనొక్కదాన్నే. ఇంట్లో ఎదురుచూసేవాళ్ళు లేరు కనక ఆదివారాలన్నీ నా నెత్తినే పడేవి. నేనూ కాదనలేదు. ఇంట్లో గోడలతో మాట్లాడేకంటే అక్కడ మాస్టారితో మాట్లాడడం నయం కదా.

ఆయన లెక్కల మాస్టారు. స్కూటరు మీంచి పడ్డప్పట్నుంచి ఏ సంగతీ బుర్రలో ఐదు నిమిషాలకి మించి నిలవదు. "ఎవరమ్మా నువ్వు?" అని పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఇరవైసార్లు అడుగుతారు. మీ మేనకోడల్ని అని ఒకసారి, జడ్జీని అని ఒకసారి చెప్పేదాన్ని. "అలాగా! నిలబడ్డావేం, కూర్చో మరి" అనేవారు పాపం.

ఆయన ఎదురుగది టైలరమ్మది. బస్సు మెట్ల మీంచి జారిపడింది. మాట పోయింది, కుడిచెయ్యి పోయింది. ఎడంచేత్తో మాత్రం పొద్దస్తమానం గాల్లో సూదికి దారం ఎక్కిస్తూ ఉండేది. మింగడం కూడా కష్టమే ఆవిడకి. అందుకే మంచం తలాపున పెద్ద అక్షరాలతో కాగితం అంటించారు: "ఒంటరిగా తినకూడదు. పక్కన మనిషి ఉండాలి."

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆవిడకి చెంచాతో తినిపిస్తున్నాను. ఫోన్ మోగింది. మా అమ్మాయి. ఎప్పుడో రెండు నెలలకోసారి చేస్తుంది. ఎత్తకపోతే మళ్ళీ చెయ్యదు. గదిలో సిగ్నల్ అందదు. గిన్నె ఆవిడ ఒళ్ళో పెట్టి, "ఐదు నిమిషాల్లో వచ్చేస్తానమ్మా" అని పెరట్లోకి పరిగెత్తాను.

పదకొండు నిమిషాలు మాట్లాడాను. వచ్చేసరికి ఆవిడ ముఖం నల్లబడిపోయి ఉంది. గిన్నె బోర్లా పడి ఉంది. వీపు మీద చరిచాను, నోట్లో వేలు పెట్టి తీశాను. లాభం లేకపోయింది.

మేనేజరు వచ్చి తలుపు వేశాడు. "పక్కనే ఉన్నానని రాసెయ్. ఒక్క మనిషితో నడిపిస్తున్నామని బయటపడితే నాకూ ముప్పే, నీకూ ముప్పే" అన్నాడు. రాశాను. సాయంత్రం ఆవిడ తమ్ముడొచ్చాడు. ఒక్కటే అడిగాడు.

"ఆఖర్న మా అక్క పక్కన ఎవరైనా ఉన్నారామ్మా?"

"చెయ్యి పట్టుకునే ఉన్నాను బాబూ."

నా రెండు చేతులూ కళ్ళకద్దుకుని వెళ్ళాడు.

చూసినవాళ్ళు మాస్టారొక్కరే. ఎదురుగా తన మంచం మీంచి అంతా చూశారు. ఆయన బుర్రలో ఎంతసేపుంటుందిలే అని గుండె దిటవు చేసుకున్నాను.

మూడు నెలలు గడిచాయి. ఆ ఆదివారం పొద్దుట్నుంచి ముసురు. మధ్యాహ్నం రెండింటికే దీపాలు పెట్టాల్సినంత చీకటి. అందరికీ తినిపించి, గిన్నెలు కడిగి, నడవా తుడిచాను. ఫినాయిలు వాసన, ఆరని గుడ్డల వాసన. ఎవరూ చూడ్డానికి రాని ఆదివారానికి అదొక వాసన. చివరిగదిలో కదల్లేని లారీ డ్రైవరు పడుకునే గాలి పరుపు మోటారు బుయ్‌మని మోగుతూ ఉంది.

కరెంటు పోయింది. మోటారు ఆగింది. అప్పుడు తెలిసింది, అంత నిశ్శబ్దం ఆ ఇంట్లో నేనెప్పుడూ వినలేదని.

డ్రైవరుని చేత్తోనే పక్కకి తిప్పి, వీపుకి దిండు ఆనించి వస్తుంటే మాస్టారు పిలిచారు. గుసగుసగా.

"అమ్మాయ్... ఆవిడ ఒక్కర్తే తింటోంది."

"ఎవరు మాస్టారూ?"

ఆయన ఎదురుగది వైపు చూపించారు. "పక్కన మనిషి లేరు. ఐదు నిమిషాలన్నావుగా. ఇంకా ఎంతసేపు?"

ఎవరమ్మా నువ్వు అని ఆయన అడగలేదు. మొదటిసారి.

 ఆ గది మూడు నెలలుగా ఖాళీ. పరుపు కూడా తీసేశారు. తలుపు దగ్గరగా వేసి ఉంది. దాని వెనకనించి... స్టీలు గిన్నెకి చెంచా తగిలిన చప్పుడు.

టంగ్.

కాసేపాగి... మళ్ళీ.

గాలికేమో అనుకున్నాను. ఆ గదిలో గిన్నే లేదు, చెంచా లేదు. పారిపోదామంటే ఐదుగురు మనుషులు నా చేతిలో ఉన్నారు. ఎక్కడికి పోతాను?

తలుపు తోశాను. ఇనుప మంచం. ఖాళీ. కిటికీ మూసి ఉంది. గోడ మీద కాగితం చింపిన చోట జిగురు మచ్చ. కానీ అప్పుడే వడ్డించినట్టు వెచ్చటి తిండి వాసన...

టంగ్. మంచం మీంచే.

తర్వాత గొంతులో ఏదో అడ్డుపడ్డ చప్పుడు. చిన్నగా. గురగురమని.

"అమ్మా" అన్నాను.  "వచ్చానమ్మా. ఇక్కడే ఉన్నాను."

మంచం పక్కన నేల మీద కూలబడ్డాను. కళ్ళు మూసుకున్నాను. నా చెవి పక్కనే గురగుర... ఆగింది. మళ్ళీ చెంచా. నెమ్మదిగా. ఎంతసేపు కూర్చున్నానో తెలీదు. గిన్నె ఖాళీ అయ్యేదాకా గీకిన చప్పుడు విన్నాను. తర్వాత ఏమీ లేదు. డ్రైవరు గదిలో మోటారు మళ్ళీ మొదలైంది.

లేచి ఆఫీసు గదిలోకి వెళ్ళి ఫైలు తీశాను. టైలరమ్మ తమ్ముడి నంబరు ఉంది. పెరట్లో చూరు కింద నిలబడి ఫోన్ చేశాను. ఉద్యోగం పోతుందని తెలుసు. పోయింది కూడా. దానికి నేనేం ఏడవలేదు. ఇప్పుడక్కడ ఆదివారాలు కూడా ముగ్గుర్ని పెడుతున్నారట.

ఫోన్‌లో అతని దగ్గర ఏదీ దాచలేదు. ఫోనొచ్చిందని చెప్పాను. పదకొండు నిమిషాలని చెప్పాను. చెయ్యి పట్టుకోలేదని చెప్పాను.  తిడతాడనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

"సరేనమ్మా" అన్నాడు.  "మీ పక్కనున్నావిడకి ఒకసారి ఫోనివ్వండి."

"నా పక్కన ఎవరూ లేరు బాబూ."

"ఉన్నారు కదా. ఇందాకట్నుంచీ నన్ను పిలుస్తున్నారు. బుడ్డీ, బుడ్డీ అని... చిన్నప్పటి పేరమ్మా అది. బయటివాళ్ళకి తెలీదు. ఒక్కసారి ఇవ్వండి."

పెరట్లో వాన తప్ప ఏమీ లేదు.  ఫోన్ అరచేతిలో పెట్టుకుని, చెయ్యి పక్కకి చాచాను.

చేతిలో ఫోన్ బరువు తగ్గింది.