దిద్దిన మార్కు

గంట మోగింది. వేదిక మీదున్న మనిషి ఆగలేదు.

కెజియా ఇంకోసారి కొట్టింది, ఈసారి గట్టిగా. అతను నవ్వి, "ఒక్క మాట చెప్పి దిగిపోతానండి" అన్నాడు. ఆ ఒక్క మాటకీ నలభై సెకన్లు పట్టింది. తాడేపల్లిగూడెం డిగ్రీ కాలేజీ హాలంతా చప్పట్లు కొట్టింది. జడ్జి కుర్చీలో ఉన్న కెజియా మాత్రం 'సమయపాలన' అన్న గడిలో ఐదుకి సున్నా వేసింది.

పోటీ అయ్యాక అతను తిన్నగా ఆమె బల్ల దగ్గరికొచ్చాడు. ఎండకి కమిలిన మొహం, మోచేతుల దాకా మడిచిన చొక్కా.

"నా పేరు వెంకటసాయండి. ఆకివీడులో చేపల చెరువుల నీళ్ళు టెస్ట్ చేసే ల్యాబులో పని. సున్నా ఎందుకు పడిందో తెలుసుకుందామని వచ్చానండి."

"గంట వినపడలేదా మీకు?"

"వినపడిందండి. కానీ మధ్యలో ఆపేస్తే వినేవాళ్ళకి అన్యాయం కదండీ?"

"ఆపకపోతే, టైముకి ఆపేసిన మిగతా పదకొండుమందికి అన్యాయం. వాళ్ళకీ చివర్లో ఒక్క మాట మిగిలే ఉంటుంది."

ఇక గొడవ తప్పదనుకుని కెజియా చున్నీ సర్దుకుంది. అతను తలూపి, "నిజమేనండి. తప్పు నాదే" అన్నాడు. సిద్ధం చేసుకున్న వాదనంతా వృథా అయినందుకు ఆమెకు ఒళ్ళు మండింది.

"ఇంకోటి. చేతులు అంతలా ఊపకండి. వల విసురుతున్నట్టుంది."

"మూడు తరాలుగా మా ఇంట్లో అదే పనండి. ఈ చేతులకి ఇంకోటి తెలీదు."

నవ్వొచ్చింది. దాన్ని దగ్గుగా మార్చేసింది కెజియా.

సున్నా పడినా అతను రెండో స్థానంలో నిలిచి, ఏలూరులో జరిగే ఫైనల్‌కి ఎంపికయ్యాడు. ఆ వక్తృత్వ పోటీ కెజియా తల్లి హన్నమ్మ పేరు మీదే జరుగుతుంది. ఆవిడ పోయాక భర్త క్రీస్తుదాసు మాస్టారు ఏటా పెడుతున్నారు. హన్నమ్మ కాలేజీలో చదివే రోజుల్లో ఏదో పోటీలో ఎవరో ఆవిడ మార్కు దిద్దేసి, ఎందుకో చెప్పలేదట. ముప్ఫై ఏళ్ళు గడిచినా ఆవిడ ఆ సంగతి మర్చిపోలేదు. అందుకని మాస్టారి పోటీలో నియమాలు గట్టివి. చప్పట్లు ఆగేలోపే మార్కు వెయ్యాలి. వేసింది దిద్దితే పక్కన కారణం రాసి సంతకం పెట్టాలి. ఫలితాలు చెప్పేముందు ఆ కారణాన్ని మైకులో చదువుతారు, అది ఎవరిదైనా సరే. ఇక ఫైనల్ అయ్యేదాకా జడ్జీలూ పోటీదారులూ ఒకరితో ఒకరు మాట్లాడుకోకూడదు.

"అర్థమైందా? ఈ క్షణం నుంచే" అంది కెజియా.

వెంకటసాయి నోటికి తాళం వేసి, తాళంచెవి జేబులో పడేసుకున్నట్టు సైగ చేసి వెళ్ళిపోయాడు.

ఆ మరుసటి బుధవారం గూడెం నుంచి ఏలూరు వెళ్ళే సాయంత్రం బస్సులో మళ్ళీ కనిపించాడు. కెజియా ఉద్యోగం గూడెంలోనే, ఇల్లు ఏలూరులో. వారానికోసారి అతనికీ గూడెంలో పని. ఏలూరులో ఇంకో బస్సు మారితే కొల్లేటి లంకలో వాళ్ళ ఊరు. కెజియాని చూడగానే బుద్ధిగా మొహం తిప్పుకుని ముందు సీట్లో కూర్చున్నాడు. ఆమె పక్కన ఖాళీ చేపల గంప ఒళ్ళో పెట్టుకుని ఒక ముసలమ్మ ఉంది.

ఉంగుటూరు దాటగానే వాన అందుకుంది. కిటికీ అద్దం బిగుసుకుపోయి, జల్లంతా కెజియా మీదే కొడుతోంది. వెంకటసాయి లేచి, ముసలమ్మతో అన్నాడు.

"మామ్మా, నీ పక్కనున్నావిడ తడిసిపోతున్నారు. కాస్త ఇటు జరగమని చెప్పు."

"నీకు నోరు లేదేంట్రా?"

"ఫైనల్ దాకా లేదు."

ముసలమ్మ కెజియా వైపు తిరిగింది. "ఏవమ్మా, ఇతగాడికి నోరు లేదంట. నిన్ను జరగమంటున్నాడు."

అతను అద్దాన్ని గుద్ది గుద్ది మూశాడు. అతని చొక్కా చెయ్యి పూర్తిగా తడిసిపోయింది.

"థాంక్స్ అని చెప్పండి మామ్మగారూ."

"థాంక్సంట. ఇంకేవైనా ఉందా?"

"చేతులు ఊపకుండా ప్రాక్టీసు చేస్తున్నానని చెప్పు మామ్మా."

"ఎలాగో అడగండి" అంది కెజియా, అనకూడదనుకుంటూనే.

"రెండు చేతుల్లో రెండు బకెట్లు పట్టుకుని చెరువు గట్టు మీద మాట్లాడుతున్నానని చెప్పు."

"నీళ్ళతోనా, ఖాళీవా?"

ముసలమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "నేను దిగిపోతే మీ ఇద్దరి గతేంటర్రా?" అంది. బస్సులో సగంమంది నవ్వారు.

ఆరు బుధవారాలు అలాగే గడిచాయి. నాలుగుసార్లు ముసలమ్మ ఉంది, రెండుసార్లు లేదు. లేని రోజుల్లో అతను ఏలూరు దాకా నోరు మెదపలేదు. దిగేటప్పుడు మాత్రం కెజియా గొడుగు మర్చిపోకుండా సీటు మీంచి తీసి, ఆమె చేతికి కాకుండా కండక్టరు చేతికిచ్చి వెళ్ళాడు. నియమాన్ని ఇంత ముద్దుగా పాటించే మనిషిని ఆమె ఎక్కడా చూడలేదు. మంగళవారం సాయంత్రానికే బుధవారం ఏ చుడీదార్ వేసుకోవాలా అని ఆలోచిస్తున్నానని ఒకరోజు తెలిసొచ్చి, అద్దం ముందు తనమీద తనే కోప్పడింది. అతనంటే ఇష్టం. ఆ సంగతి ఇంక దాచుకోవడానికి కూడా లేదు, కనీసం తన దగ్గర.

ఆగస్టు చివరి ఆదివారం ఏలూరులో ఫైనల్. మొదలయ్యేముందు మాస్టారు ముగ్గురు జడ్జీలనీ పిలిచారు. ఒకరు లాయరు జోసెఫ్, ఒకరు రిటైరైన ప్రిన్సిపాల్ సీతారత్నం, మూడోది కెజియా.

"పోటీదారుల్లో మీకు కావలసినవాళ్ళు ఎవరైనా ఉంటే ఇప్పుడే చెప్పి తప్పుకోండి."

"నేను ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడలేదండి నాన్నగారూ" అంది కెజియా.

మాట నిజమే. ఆయన అడిగిన ప్రశ్నకి జవాబు మాత్రం కాదు.

మొదట ఉండి అనే ఊరి నుంచి వచ్చిన రమ్య అదరగొట్టింది. వెంకటసాయి ఏడోవాడు.

"చెరువులో ఆక్సిజన్ సరిపోతోందని నా మీటరు చెప్పింది" అని మొదలుపెట్టాడు. "మా నాయనమ్మ నీళ్ళలో చెయ్యి పెట్టి, లేదురా, చేపకి ఊపిరాడట్లేదు అంది. నేను నవ్వాను. తెల్లారేసరికి చేపలన్నీ పైకి తేలాయి. మీటరు మంచిదేనండి. దాన్ని నెలకోసారి సరిచూసుకోవాలి. నేను చూసుకోలేదు. కొలిచే చేతిలో తేడా ఉంటే, ఎంత ఖరీదైన మీటరైనా ఏం చేస్తుంది?"

చేతులు కదలనే లేదు. నాయనమ్మ నీళ్ళలో చెయ్యి పెట్టిన సంగతి చెప్పేటప్పుడు మాత్రం ఒకసారి కుడిచెయ్యి మెల్లగా ముందుకొచ్చింది. గంటకి మూడు సెకన్ల ముందే నమస్కారం పెట్టాడు.

కెజియా చప్పట్ల మధ్యనే యాభైకి నలభై మూడు వేసింది. తలెత్తేసరికి మొదటి వరసలోంచి ఎవరో చెయ్యూపుతున్నారు. బస్సులో ముసలమ్మ! ఇస్త్రీ చీర కట్టుకుని, పక్కవాళ్ళకి "మా మనవడే" అని చెప్పుకుంటోంది.

"అమ్మాయ్! మావాడు బాగా చెప్పాడా?" అని అక్కణ్ణించే అరిచింది ఆ ముసలమ్మ, వెంకటసాయి నాయనమ్మ నూకాలమ్మ.

హాలంతా కెజియా వైపు తిరిగింది. ఆమె మొహం వేడెక్కిపోయింది. మాస్టారి కూతురు తనకి కావలసినవాడికి మార్కులేసిందంటారు. అమ్మ పేరు మీద మాటొస్తుంది. పెన్ను దానంతటదే కదిలింది. నలభై మూడు కొట్టేసి ముప్ఫై ఎనిమిది వేసింది. పక్కన 'చేతులు ఊపారు' అని రాసి సంతకం పెట్టింది.

వెనక గదిలో మాస్టారు మొత్తాలు కూడారు. రమ్యకి నూట ఇరవై అయిదు, వెంకటసాయికి నూట ఇరవై రెండు. ఆయన కెజియా కాగితాన్ని మళ్ళీ చేతిలోకి తీసుకున్నారు.

"ఒక్కసారి చెయ్యెత్తినందుకు ఐదు మార్కులా అమ్మా?"

కెజియా పెన్నుకి మూత పెట్టింది.

"సరే. నువ్వు రాసిన కారణం ఇదే చదువుతాను."

ఆయన తలుపు దాకా వెళ్ళారు. కెజియాకి అమ్మ గుర్తొచ్చింది. ముప్ఫై ఏళ్ళు ఆ చిన్న అన్యాయాన్ని మర్చిపోలేని అమ్మ. ఇప్పుడు అలాంటి పనే తను చేసింది, అదీ ఆవిడ పేరు మీద, అదీ తను ఇష్టపడ్డ మనిషికి.

"నాన్నగారూ, ఒక్క నిమిషం. ఆ కారణం అబద్ధం."

కాగితం తీసుకుని కారణం కొట్టేసి, కింద ఇంకోటి రాసి సంతకం పెట్టింది. మాస్టారు చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఇది మైకులో చదవాలి, తెలుసుగా?"

"తెలుసండి."

"నీ కాగితం మొత్తం పక్కన పెట్టెయ్యాలి. అందరి మార్కులూ."

"పెట్టెయ్యండి."

మాస్టారు మైకు ముందు గొంతు సవరించుకుని, ఏటా చదివే గొంతుతోనే చదివారు. "జడ్జి కెజియా ఏడో పోటీదారుకి వేసిన నలభై మూడుని ముప్ఫై ఎనిమిదిగా దిద్దారు. కారణం: ఇతనంటే నాకు ఇష్టం. ఆ ఇష్టంతోనే మార్కులు వేశానంటారని భయపడి తగ్గించాను. పెంచడమెంత తప్పో తగ్గించడమూ అంతే తప్పు. నేను ముందే తప్పుకోవలసింది. సంతకం, కెజియా."



"అయితే ఇంక మధ్యలో నేనక్కర్లేదన్నమాట!" అంది నూకాలమ్మ. హాలు గొల్లుమంది. కెజియా రెండు చేతులతో మొహం కప్పుకుంది.

మిగిలిన ఇద్దరు జడ్జీల లెక్కలో రమ్యకి ఎనభై మూడు, వెంకటసాయికి ఎనభై నాలుగు. రమ్య పైకొచ్చి రెండు కాగితాలూ అడిగి మరీ చూసుకుంది. "ఒక్క మార్కు! వచ్చే ఏడాది చూస్కోండి మీ పని" అని అతనికి వేలు చూపించి, అందరికంటే ముందు తనే చప్పట్లు కొట్టింది.

వేదిక దిగి వెంకటసాయి కెజియా ముందు ఆగాడు. చేతులెక్కడ పెట్టుకోవాలో అతనికి తెలియడం లేదు.

"ఫైనల్ అయిపోయిందండి. ఇప్పుడు మాట్లాడొచ్చా?"

"మాట్లాడండి."

"మీ మార్కు ఒక్కటీ లేకుండా గెలిచానండి."

"బాధగా ఉందా?"

"లేదండి. మీరు కొట్టేసిన ఆ నలభై మూడు మాత్రం నాదే. ఇంటికి పట్టుకెళ్తాను."

వెనకనుంచి మాస్టారు దగ్గారు. "బాబూ, వచ్చే ఆదివారం చర్చి అయ్యాక మీవాళ్ళతో మా ఇంటికి రండి. మీకు మూడు నిమిషాలు. గంట నేనే కొడతాను."

ఆదివారం వాళ్ళొచ్చారు. వెంకటసాయి తండ్రి రామకోటి పెద్ద కొర్రమేను తెచ్చి, ఎక్కడ పెట్టాలో తెలియక చాలాసేపు చేత్తోనే పట్టుకున్నాడు. నూకాలమ్మ మంచి కుర్చీ చూసుకుని కూర్చుంది. మాస్టారు హన్నమ్మ వాడిన ఇత్తడి గంటని బల్ల మీద పెట్టుకున్నారు.

"మీ ఇంట్లో దేవుడు వేరు, మా ఇంట్లో వేరు. ఎలా బతుకుతారు? చెప్పండి."

వెంకటసాయి లేచాడు. ఆమె చర్చికి వెళ్తే గుమ్మం దాకా తను దిగబెడతానన్నాడు. తన ఇంటి దీపం ఆమె వెలిగించక్కర్లేదన్నాడు. ఆమె ఉద్యోగం, ఆమె బస్సు, ఆమె బుధవారాలు ఆమెవేనన్నాడు. వాళ్ళ నాన్న గురించీ నాయనమ్మ గురించీ చెప్పాడు. చేతులు ఎప్పుడో అదుపు తప్పి, గది నిండా వలలు విసిరేస్తున్నాయి.

మూడు నిమిషాలయ్యాయి. మాస్టారు గంట ఊపారు. చప్పుడు లేదు. మళ్ళీ ఊపి, తిరగేసి చూశారు. లోపల నాలుక లేదు.

గోడకానుకుని నిలబడ్డ కెజియా పిడికిలి గట్టిగా మూసి ఉంది.

"ఇది పక్షపాతం కాదూ?" అన్నారు మాస్టారు.

"అవునండి నాన్నగారూ. కారణం రాసి సంతకం పెడతాను."

మాస్టారు ఆ మూగగంటని బల్ల మీద పెట్టారు. చేతి గడియారం కూడా విప్పి దాని పక్కనే పెట్టారు.

"నువ్వు కానీ బాబూ" అన్నారు.