హాజెల్‌కూమ్ గేటు కాపలా

శనివారం మధ్యాహ్నం బస్సు హెట్టీని హాజెల్‌కూమ్ చర్చి ముందు దింపి పొగమంచులోకి వెళ్లిపోయింది. వీధిలో నరపురుగు లేదు. రాలి కుళ్లిపోతున్న ఆపిల్ పళ్ల వాసన, తడి కట్టెల పొగ. ఎనిమిది వందల ఏళ్ల చర్చి అని ఊరివాళ్లు మురిసిపోతారు గానీ, హెట్టీకి కావలసింది దాని వెనకున్న చిన్న మట్టిదిబ్బ. ఆమె ఒక్కగానొక్క కూతురు, ఆరేళ్ల నెల్, శరత్కాలం నుంచీ దాని కింద ఉంది.

సమాధుల ఆవరణకి పెంకుల కప్పుతో పాత చెక్క గేటు. దాటుతుంటే ప్రతి వారంలాగే కోటు అంచు దేనికో చిక్కుకుంది. మేకేమోననుకుని విదిలించుకుంది.

"మేకు కాదమ్మాయ్," అంది డోర్కస్. చర్చిలో పూలూ ఇత్తడి సామానూ చూసుకునే ముసలామె, నోట్లో నువ్వుగింజ నానదు.

"మరేంటి పెద్దమ్మా?"

"వద్దులే. నేను చెప్పానని పాస్టరుగారికి తెలిస్తే నా తోలు తీస్తారు."

చెప్పకుండా ఉండగలదా! చెప్పేసింది. ఈ ఊళ్లో ఆఖరున సమాధిలో చేరినవాళ్లు గేటు దగ్గర కాపలా ఉండాలి. ఇంకో శవపేటిక వచ్చేదాకా. వచ్చినవాళ్లకి కాపలా అప్పజెప్పి అప్పుడు నిద్రపోవాలి. ఒకసారి ఒకేరోజు రెండు శవాలొస్తే, మోసేవాళ్లు ముందు మేమంటే ముందు మేమని తోసుకుని గేటు స్తంభమే విరగ్గొట్టారట.

"మరి... నెల్ తర్వాత?"

"ఇంకెవరొస్తారు? చోటు లేదని ఆవరణ మూసేశారుగా. పెళ్లాం పక్కన చోటు ఉంచుకున్న ఏమస్ టకెట్ ఒక్కడే మిగిలాడు. ఆయనా మంచం దిగట్లేదు."

కన్నతల్లి చెవిన వెయ్యాల్సిన మాటేనా అది? నెల్‌కి చీకటంటే భయం. పడగ్గదిలో దీపం ఆర్పితే గుక్కపట్టి ఏడ్చేది.

ఏమస్ ఇల్లు గేటుకి ఎదురుగానే. తలుపు తోసుకుని వెళ్లింది. కిటికీ పక్కన మంచం, మంచం మీద ముసలాయన. కుడిచేతికి మధ్యవేలు లేదు, ఎప్పుడో ఆపిల్ గానుగలో నలిగిపోయింది.

"వస్తావనే అనుకున్నా తల్లీ," అన్నాడు. "నీ పిల్ల నాకు రోజూ కనబడుతుంది. పొద్దుగూకితే చాలు... చేతులు నోటి దగ్గర పెట్టుకుని ఊదుకుంటుంది. చలికి."

హెట్టీ మోకాళ్ల మీద కూలబడింది. "తాతా, నీ చోటు నీకుందిగా. నువ్వొస్తే నా పిల్లకి విడుదల."

"పోయాక నన్ను పట్నం తీసుకెళ్లి కాల్చెయ్యమని మా వాడికి చెప్పేశా. నా తర్వాత ఇంకెవరూ రారు. లోకం ఉన్నన్నాళ్లూ నేనే నిలబడాలి. నా వల్ల కాదమ్మా."

"ఆరేళ్ల పసిదాని వల్ల అవుతుందా? సిగ్గులేదూ నీకు?"

ముసలాయన భోరుమన్నాడు. "సిగ్గే తల్లీ. కానీ ఒంటరితనమంటే భయం. చెయ్యి పట్టుకునే తోడొకరుంటే... నిలబడతానేమో."

"నేనొస్తా. ప్రతి శనివారం. ఆ గేటు మీద చెయ్యి వేసి నీతో ఉంటా."

"అందరూ అలాగే అంటారు. ఒట్టెయ్యి."

ఆమె క్షణం ఆలోచించలేదు. "నా నెల్ మీద ఒట్టు. నిన్ను తోడు లేకుండా వదలను."

ఏమస్ ఏడుపు ఆగిపోయింది. కిటికీలోంచి గేటు వైపు చాలాసేపు చూశాడు.

"నెల్ మీదేనా?" అన్నాడు మెల్లగా.

"నెల్ మీదే."

మాట నిలబెట్టుకున్నాడు. క్రిస్మస్‌కి ముందే కన్నుమూసి, కాల్చొద్దని కొడుకుతో పోట్లాడి దక్కించుకున్న చోట, పెళ్లాం పక్కన పడుకున్నాడు.

ఆ రాత్రే మంచు మొదలైంది. దారులు మూసుకుపోయాయి, బస్సులు ఆగిపోయాయి. శనివారం హెట్టీ నడిచి బయల్దేరి, నడుం లోతు మంచులో కూరుకుపోతే ఎవరో లాగి ఇంటికి చేర్చారు. ఆ పై శనివారమూ అంతే. 'ఏం చెయ్యను తాతా, ఏం చెయ్యను' అని కిటికీ దగ్గర ఒకటే ఏడుపు.

దారి తెరిచిన రోజు మొదటి బస్సుకే వచ్చింది. ఊపిరి బిగబట్టి గేటు దాటింది. కోటు చిక్కుకోలేదు. వెనక్కి వెళ్లి మళ్లీ దాటింది. ఏమీ లేదు. నా తల్లి నిద్రపోయింది, నా బంగారం నిద్రపోయింది... హెట్టీ మట్టిదిబ్బని కావలించుకుని పొద్దు వాలేదాకా ఆనందంతో ఏడ్చింది.

తిరిగి వచ్చి, ఒట్టు ప్రకారం గేటు మీద చెయ్యి వెయ్యబోయింది.

పై చెక్క నిండా తెల్లగా మంచు పేరుకుని ఉంది. ఒక్కచోట కరిగింది.

చిన్న చెయ్యి గుర్తు...

"నెల్?"

ఎక్కడా గాలి లేదు.

"తాతా... వచ్చాను. నేనొచ్చేశానుగా. దాన్ని వదిలెయ్యి," అంది.

ఆమె చూస్తుండగానే ఆ చిన్న గుర్తు చుట్టూ మంచు మెల్లగా కరగసాగింది. ఒక్కో వేలే తేలింది. పెద్ద చెయ్యి. చిన్నదాన్ని పూర్తిగా కప్పేసి, గట్టిగా పట్టుకుని ఉంది.

మధ్యవేలు లేదు.