ఎపాక్సీ మీద గోటిగుర్తు

"రైఫిల్‌ని చెడగొట్టాలి. చెడిందని మాత్రం చీమకి కూడా తెలియకూడదు," అన్నాడు చీఫ్.

ఏజెంట్ నైన్ తల ఊపాడు. డిపార్ట్‌మెంట్ ఆయుధాల వర్క్‌షాపులో పదేళ్లు చేతులు అరగదీసుకున్నవాడు. ఇప్పుడు తెల్ల గడ్డం అంటించుకుని, ఈగలు తోలుకునే తుపాకుల రిపేరు షాపులో ముసలి మెకానిక్ అయ్యాడు.

"రేపు పన్నెండింటికి శాంతి ఒప్పందం. సంతకం పెట్టే మంత్రిని లేపెయ్యాలని విదేశీ ముఠా ప్లాన్."

"షాపులోనే పట్టేసుకోవచ్చుగా సార్?"

"తూటా పేలితేనే మిగతావాళ్లు కలుగుల్లోంచి బయటికొస్తారు. అది గురి తప్పాలి, అంతే. ఇంకో మాట. రైఫిల్‌ని రిపేరుకి పంపేదీ, తీసుకెళ్లడానికొచ్చేదీ మీ మరదలు. ద్రోహి మీద జాలి చూపించకు."

నైన్ మొహం మాడిపోయింది. భార్యకి సొంత చెల్లెలు. తన దగ్గరే పని నేర్చుకుని, మూడేళ్ల కిందట శత్రువులకి అమ్ముడుపోయింది. అప్పట్నుంచీ ఇంట్లో ఆమె ఊసెత్తితే భార్య కంచం ముందు నుంచి లేచిపోయేది.

ఆమె మనిషి చేత పంపించిన రైఫిల్ ఆ సాయంత్రమే వచ్చింది. తూటా పేలే ఇనుప భాగం, అంటే యాక్షన్, చెక్క పిడిలో వెంట్రుకవాసి కదిలినా గురి తప్పుతుంది. ఆ సందుని ఎపాక్సీ అనే గట్టి జిగురుతో నింపి బిగించడమే బెడ్డింగ్. నైన్ జిగురు అంటుకోకుండా ఇనుముకి మైనం పూశాడు, ఎపాక్సీ నింపాడు. గట్టిపరిచే మందు మాత్రం సగమే కలిపాడు. ఏసీ గదిలో పైకి బిగుసుకున్నట్టే ఉంటుంది, గోరు గుచ్చితే తప్ప తెలీదు. ఎండలో గంట పెడితే మెత్తబడుతుంది.

పొద్దున్నే ఆమె దిగింది. నల్ల కళ్లద్దాలు, ఎర్ర గోళ్లు, వెనకాల తాటిచెట్టంత షూటర్.

"తాతగారి గోడగడియారం బాగైందా?" కోడ్ అడిగింది.

"గంట కొడుతోంది మేడమ్. ముల్లే మొరాయిస్తోంది."

ఆమె స్క్రూ వదులు చేసి, అతుకు మీద వేలు పెట్టి చూసింది. కదలలేదు. యాక్షన్ పైకి తీసి, బొటనవేలి గోరు ఎపాక్సీలోకి నొక్కింది. నైన్ చెయ్యి కౌంటర్ కింద పిస్టల్ మీదికి పోయింది.

"ఎలా ఉంది?" అన్నాడు షూటర్.

"రాయిలా ఉంది," అని ఆమె స్క్రూలు తనే బిగించేసింది. వెళ్తూ గుమ్మం దగ్గర ఆగింది. "మెకానిక్ గారూ, మీ ఇంట్లోవాళ్లు బాగున్నారా?"

"మీకెందుకు మేడమ్?" కసిగా అన్నాడు నైన్. గోళ్లకి రంగొచ్చాక నేర్చిన పని గంగలో కలిసిందని లోపల నవ్వుకున్నాడు.

పన్నెండు. షూటర్ ఎక్కిన డాబాకి ఎదుటి భవనంలో నైన్, కళ్ల దగ్గర బైనాక్యులర్స్. డాబా మీద గంట నుంచి ఎండలో మాడుతున్న రైఫిల్. కింద సంతకాల వేదిక మీద మంత్రి పెన్ను తీశాడు. ఢాం! బల్ల మీది గాజు గ్లాసు పగిలింది. మంత్రికి గీత కూడా పడలేదు. కింద పారిపోబోతున్న ముఠాని పదకొండు మందినీ కమాండోలు చుట్టేశారు.

కమాండోలు డాబా తలుపు బద్దలు కొట్టడానికి ఒక్క క్షణం ఆలస్యమైంది. ఆ క్షణంలోనే షూటర్, రైఫిల్ బాగుందని చెప్పి పక్కనే నిలబడ్డ ఆమె వైపు తిరిగి పిస్టల్ పేల్చాడు. ఆమె మళ్లీ లేవలేదు.

"ఆమె మన మనిషే," అన్నాడు చీఫ్ వర్క్‌షాపులో. "ప్లాన్ మొత్తం పంపింది ఆమే. నీకు చెబితే చెయ్యి వణికేది."

"నా సంగతి ఆమెకి చెప్పారా?"

"లేదు. తెలియాల్సినవాళ్లకే తెలియాలి. అది రూల్."

"వణికి ఉంటే బాగుండేది సార్. ఇంకో దారి వెతికేవాణ్ని."

నైన్ ఆ రైఫిల్ స్క్రూలు విప్పి యాక్షన్ ఎత్తాడు. మెత్తటి ఎపాక్సీలో లోతుగా దిగిన గోటిగుర్తు, అంచున ఎర్ర రంగు. నేర్చిన పని ఆమె ఏమీ మర్చిపోలేదు. తెలిసే రాయి అంది; గడ్డం చాటున తననీ గుర్తుపట్టింది. అతనికి ఏడుపు ఆగలేదు.

"ఏంటా మచ్చ? రిపోర్ట్‌లో ఏమని రాయను?" అన్నాడు చీఫ్.

"ఇన్‌స్పెక్షన్ సంతకమని రాయండి. ఆ తర్వాత మా ఇంటికొచ్చి, మా ఆవిడకి మీ నోటితో మీరే చెప్పండి సార్. ఆమె తెలియాల్సిన మనిషే."