కొండెక్కిన పొయ్యి

ఏటి ఇసుకలో ఉండాల్సిన ఇత్తడి పొయ్యి కాలిపోయిన కొండ నెత్తిన దొరికిందని విచారణాధికారి మాలతి చెప్పగానే గవరయ్య చేతిలోని టీ సగం బల్ల మీద ఒలికింది.

“ఏటీ, కొండ మీదా?”

“గుర్రాలమెట్ట మీద. ఇంకో ఇరవై అడుగులు ఎక్కితే శిఖరమే,” అంది మాలతి, ఒలికిన టీని గుడ్డతో తుడుస్తూ. నలభై దాటిన మనిషి, ఏ మాటనూ రెండోసారి చెప్పదని పేరు. బల్ల మీద వేలితో చిన్న సున్నా చుట్టి, గవరయ్య గ్లాసును అందులోకి జరిపింది. సున్నా లోపల మాత్రమే వేడి పుట్టింది. చల్లారిన టీ మళ్లీ పొగలు కక్కింది.

తాపవాహిని వచ్చి యాభై ఎనిమిదేళ్లయింది. సముద్రం అడుగునుంచి తోడిన వేడి ఊరూరా గోడల్లో, బల్లల్లో, నేలలో ప్రవహిస్తుంది. వేలిముద్రను గుర్తుపట్టి, అడిగినచోట అడిగినంత ఇస్తుంది. అన్నం ఉడికేదీ, నీళ్లు కాగేదీ దానితోనే. దేవుడి ముందు కూడా ఎన్నటికీ మసకబారని వెలుగుమణే. నిప్పును కళ్లారా చూడనివాళ్లే నూటికి తొంభై మంది. పాతకాలపు మంట సామాను బాగుచేసి అమ్మడానికి జ్వాలానుమతి ఉన్నవాడు ఆ చుట్టుపక్కల నాలుగు జిల్లాలకూ గవరయ్య ఒక్కడే. డెబ్భై నాలుగేళ్లు. పదహారేళ్లు వచ్చేదాకా తండ్రి స్టవ్ రిపేరు కొట్లో పనిచేసినవాడు.

“నలభై రెండెకరాల కాఫీ తోట బూడిదైంది,” అంది మాలతి. “పదకొండు కుటుంబాలు రోడ్డున పడ్డాయి. ప్రాణాలు పోలేదు, అదొక్కటే అదృష్టం. ఇదిగో, మీ అమ్మకం ఫారం. కొన్నవాళ్ల ఎదుట పొయ్యి వెలిగించి చూపించాలి, ఆర్పి చూపించాలి. రెండింటికీ టిక్కు పెట్టారు. సంతకం మీదేనా?”

“నాదే.”

“అంటే పొయ్యి కొన్న హిమజకి ఆర్పడం తెలుసు. తెలిసి కూడా భగభగ మండుతున్న పొయ్యిని పళ్లెంలో పెట్టుకుని కొండెక్కింది. పైగా ఆ అమ్మాయి చెప్పేది వింటే నవ్వాలో ఏడవాలో తెలీదు. మీరిచ్చిన చీటీలో అలాగే రాసి ఉందట!”

“ఎలాగ?”

“‘పని కాగానే కొండెక్కించాలి. మరచిపోవద్దు.’ కింద రెండు గీతలు కూడా గీశారట.” మాలతి నవ్వింది. “చీటీ కాలిపోయింది, అడిగేవాడెవడనుకుందేమో. గవరయ్యగారూ, మీరలా రాశారా?”

గవరయ్య ఆవిడ ముఖంలోకి చూశాడు. ఆవిడకి తెలియదు. నిజంగానే తెలియదు. పుట్టాక ఒక్క దీపమైనా చూడని మనిషికి ఆ మాట ఎలా తెలుస్తుంది?

“వెలిగే పొయ్యిని కొండ మీదికి తీసుకెళ్లమని ఎవడైనా రాస్తాడా అమ్మా?” అన్నాడు.

“అదే నేనూ అన్నాను,” అని మాలతి రాసుకుంది. “రేపు పదింటికి తీర్పు. మీరొచ్చి ఈ ముక్క చెబితే చాలు. ఆ అమ్మాయికి తాపబహిష్కారం తప్పదు.”

తాపబహిష్కారమంటే, ఆ మనిషి వేలిముద్రకూ, ఒకే కప్పు కింద ఉండే వాళ్లందరి వేలిముద్రలకూ ఇక ఏ గోడా వేడెక్కదు. చద్దికూడు, చన్నీళ్లు, అద్దెకు ఇల్లివ్వని జనం. హిమజ వయసు ఇరవై మూడు.

గవరయ్య బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాడు.

గుడారాల్లో వంటకు వాడే ఆ చమురు పొయ్యి పాత సామాన్ల సంతలో దొరికింది. జానెడు ఎత్తు, మడిచే కాళ్లు, చిన్న రేకు పెట్టె. అమ్మేవాడు అది పూలకుండీ అని ఒట్టేశాడు. ఇంటికి తెచ్చి, చింతపండు నీళ్లలో నానబెట్టి, నల్లగా పేరుకున్న మకిలంతా ఒలిచాడు. పంపులోని తోలు వాషరు ఎండి చిప్పలా అయిపోయింది. తన పాత చెప్పు కోసి కొత్త వాషరు చేసి, మూడ్రోజులు కొబ్బరినూనెలో నానేశాడు. ట్యాంకు అడుగున చిల్లికి టంకం వేశాడు. చమురు చిమ్మే నిపుల్ పూడుకుపోతే, వెంట్రుకంత పిన్నుతో రెండు వారాలు పొడిచాడు. “నన్నెప్పుడైనా అంత ముద్దుగా చూసేవా?” అని దెప్పింది భార్య నూకాలమ్మ. చివరికి పంపు కొడితే వాషరు గాలి పట్టింది. ఆ చప్పుడుకు గవరయ్యకు తండ్రి కొట్టు కళ్లముందు మెదిలింది.

ఆ కొట్లో ఒక కట్టుబాటు ఉండేది. మంట విషయంలో ‘ఆర్పు’ అన్న మాట ఎవరి నోటా రాకూడదు. ఇళ్లలో దీపానికి ఎలాగో, ఆ కొట్లో పొయ్యికీ అలాగే. కొండెక్కించు. కొండెక్కింది. నాలుక అలా తిరిగిపోయింది, ఇక మారలేదు. చీటీలో వెలిగించే విధానం పన్నెండు అంకెలు వేసి రాసింది ఆ చెయ్యే. మిగిలిన ఒక్క ముక్కా రాసింది కూడా ఆ చెయ్యే.

ఆసుపత్రికి నడిచాడు. ఎందుకు వెళ్తున్నాడో తనకే తెలియదు.

హిమజ మంచం మీద కూర్చుని ఉంది. రెండు చేతులకూ మోచేతుల దాకా తెల్లటి కట్లు. ఆయన్ని చూడగానే లేవబోయింది.

“తాతగారూ! మీ పొయ్యి పాడు చేసేసేనండి. సొట్ట గాని పడిందా?”

“పొయ్యికేటి, ఇత్తడిది. నీ చేతులెలా ఉన్నాయమ్మా?”

“కుడి చెయ్యి పరవాలేదంట. ఎడమది ఇంకా చెప్పట్లేదు.” మాట తప్పించడానికన్నట్టు నవ్వింది. “టీ మాత్రం అదిరిపోయిందండి. ఏటి ఒడ్డున కూచుని నలుగురు స్నేహితులం రెండేసి సార్లు తాగేం. తాపవాహిని టీకి ఆ వాసనే రాదు.”

“మరి... ఎందుకు ఎక్కేరమ్మా కొండ?”

“చీటీలో ఉంది గదండీ.” ఆమె ముఖంలో కల్మషం లేదు. “మాకూ వింతగానే ఉంది. పైన చల్లగాలి గదా, అక్కడైతే దానంతటదే చల్లబడుతుందేమో అనుకున్నాం. పాతకాలంవాళ్లు ఊరికే రాస్తారా? దారిలో గాలికి మంట పోతే మీరు చెప్పినట్టు చేసినట్టు కాదని, మావాళ్లు చుట్టూ దుప్పటి అడ్డం పట్టుకుని నడిచేరు. నేనేమో పళ్లెం పట్టుకుని, పెళ్లికూతురు పసుపు నీళ్లు తెచ్చినట్టు ఒక్కో అడుగూ వేసేను. ఇరవై అడుగులుందనగా రాయి జారింది.”

గవరయ్య ఆ తెల్లటి కట్ల వైపు చూశాడు.

“నేనే తప్పు చదివుంటానండి,” అంది హిమజ నెమ్మదిగా. “చేతిరాత చదవడం మాకు అలవాటు లేదు గదా. మిగతా ముగ్గురూ కూడా ఇప్పుడు అదే అంటున్నారు, ఏదో మాట మింగేసి చదివేనని. మా అమ్మ రేపు ఒప్పేసుకోమంది. ఒప్పుకుంటే కొన్నేళ్లు తగ్గిస్తారంట. మిమ్మల్ని ఇందులోకి లాగినందుకు ఏమీ అనుకోకండి తాతగారూ.”

“సరేనమ్మా,” అన్నాడు గవరయ్య. ఆ మాట ఎందుకన్నాడో తెలియదు. ఆమె తలగడ సరిచేసి, పారిపోతున్నవాడిలా బయటపడ్డాడు.

రోడ్డు మీదినుంచి ఇంటికి ఫోన్ చేసి అంతా చెప్పాడు. చీటీ సంగతి వినగానే నూకాలమ్మ గట్టిగా నవ్వేసింది, “ఓలమ్మో, కొండెక్కించడమంటే కొండెక్కేసేరా!” అంటూ. ఆ నవ్వు మధ్యలోనే తెగిపోయింది.

“ఇప్పుడేటి చెయ్యమంటావే?” అన్నాడు గవరయ్య.

“నువ్వు చెప్పేసేవా ఆ ఆఫీసరమ్మకి?”

“లేదు. చెబితే మనింటికే బహిష్కారం. రాత్రి వెచ్చని మంచం లేకపోతే నీ మోకాళ్లు...”

“నా మోకాళ్లని అడ్డం పెట్టుకోకు,” అంది నూకాలమ్మ. “వాటి తంటా నేను పడతాను. ఆ పిల్ల చేతుల సంగతి చూడు ముందు.”

మర్నాడు పదింటికి విచారణ గది నిండిపోయింది. ముందు వరసలో కాఫీ తోటల వాళ్లు పదకొండు మంది, బూడిద వాసన ఇంకా వదలని బట్టలతో. మాలతి పక్కన బల్ల మీద పొయ్యి. హిమజ లేచి నిలబడింది. కట్టు కట్టిన చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక గాల్లోనే పట్టుకుంది.

“నేను... చీటీ సరిగా చదవలేదండి,” అంది. “తప్పు నాదే.”

వెనక వరసలో ఎవరో, “ఇప్పటికి ఒప్పుకుంది,” అన్నారు.

మాలతి కాగితం మీద ఏదో రాసి తలెత్తింది. “గవరయ్యగారూ, నిన్నటి మాట ఒక్కసారి అందరికీ వినబడేలా చెప్పండి. కూర్చునే చెప్పొచ్చు.”

గవరయ్య కూర్చోలేదు. బల్ల అంచు పట్టుకున్నాడు. అది ఆయన వేలిముద్రను గుర్తుపట్టి వెచ్చబడింది. చెయ్యి తీసేశాడు.

“నిన్నటి మాట కొట్టేయండమ్మా. ఇది రాసుకోండి. ఆ పిల్ల చీటీ సరిగ్గానే చదివింది. అక్షరం పొల్లుపోకుండా చదివింది. కొండెక్కించమని రాసింది నేనే. మా రోజుల్లో దీపం పోయిందనడం అశుభం, అందుకని కొండెక్కిందనేవోళ్లం. కొండా లేదు, ఎక్కడమూ లేదు. ఆర్పేయమని దాని అర్థం, అంతే. ఆ మాట తెలిసినోళ్లు ఇంకెంతమంది మిగిలేరో నేను ఆలోచించలేదు. నిన్న మీరు అడిగినప్పుడు నాకంతా అర్థమైంది. అర్థమయ్యే, తీసుకెళ్లమని ఎవడు రాస్తాడని ఎదురడిగేను. మాట అబద్ధం కాకుండా చూసుకున్నాను గానీ, చేసింది అబద్ధం కన్నా పెద్ద పాపం. ఇంకోటుంది. ఫారంలో రెండో టిక్కు దొంగటిక్కు. ఆ రోజు ఈ పిల్ల ముందు పొయ్యి వెలిగించేను. యాభై ఎనిమిదేళ్ల తర్వాత నా చేతికింద పంపు పొయ్యి నీలం మంట నిలబడింది. అంత కష్టపడి తెచ్చుకున్నదాన్ని నా చేత్తో తీసేయబుద్ధి కాలేదు. ఆ మూలనున్న, గాలి వదిలే మర అర చుట్టు తిప్పితే చాలు, పోతుంది. తిప్పలేదు. ‘మంట ఎలా తీసేయాలి తాతగారూ’ అని ఈ పిల్ల అడిగింది కూడా. ‘చీటీలో రాసేనులే’ అన్నాను, మంట మీంచి కళ్లు తిప్పకుండానే. పాపం, బండికి వేళైందని వెళ్లిపోయింది. చమురు అయిపోయేదాకా నేనొక్కణ్నే కూచుని చూసేను. ఆపైన మూత బిగించి పంపించేసేను. వెలిగించడం నేర్పేను, ఆర్పడం నేర్పలేదు. ఆ కొండని తగలబెట్టింది నేనమ్మా. నా పేరే రాయండి.”